ఇస్పేటు మీద పది

పోయిన వారం కళ్ళ డాక్టరు దగ్గర చిన్న అబద్ధం ఆడాను. గోడ మీది పలకలో కింది వరుస అక్షరాలు చీమల బారులా కనబడ్డాయి. కనబడటం లేదండీ అంటే సరిపోయేది. కానీ వెనక బల్ల మీద నలుగురు కూర్చుని ఉన్నారు, అందులో ఒకావిడ మా వీధి మనిషి. దాంతో నోటికొచ్చిన ఐదు అక్షరాలు గడగడా చదివేశాను. డాక్టరమ్మ కాగితం మీద ఏదో రాసుకుంది.

మెట్లు దిగుతుంటే సిగ్గేసింది. అబద్ధం ఆడినందుకు కాదు. అద్దాలు పెట్టుకుంటే పోయే మసకను నలుగురి ముందు ఒప్పుకోవడానికి నాకే ఇంత నామోషీ. అలాంటిది, ఒకప్పుడు మా తాత సంగతి నలుగురి ముందు ఎంత తేలిగ్గా చెప్పేశానో గుర్తొచ్చింది. ఇన్నేళ్ళలో ఈ ముచ్చట ఎవరికీ చెప్పలేదు. చెప్పుకునేంత గొప్ప పని కాదు.

అప్పుడు నాకు పద్నాలుగేళ్ళు. మేం కామారెడ్డిలో ఉండేవాళ్ళం, అమ్మ పుట్టిల్లు ఎల్లారెడ్డి. రెండు రోజులుండి వద్దామని తాత దగ్గరికి పోయాను. మూడో రోజు నుంచి ప్రత్యేక రాష్ట్రం కోసం సమ్మె. బస్సులు బంద్, బడులు బంద్, ఆఫీసులు బంద్. బడే లేనప్పుడు వచ్చి ఏం చేస్తావు, అక్కడే ఉండు అన్నాడు నాన్న ఫోనులో. ఊరు ఊరంతా బాధలో ఉంటే నాకు మాత్రం అది ఒక నెల పండగ.

తాత టైలరు. ఇంటి ముందు గదే దుకాణం. ఆడవాళ్ళ జాకెట్లు తప్ప ఇంకేమీ కుట్టేవాడు కాదు. గడప తొక్కగానే మిషను నూనె వాసన, కొత్త గుడ్డల గంజి వాసన, ఇస్త్రీ పెట్టెలో బొగ్గుల వాసన మూడూ కలిసి వచ్చేవి. ఆ వాసన మీదనే పొద్దున జొన్నరొట్టె, పచ్చిపులుసు తినేవాళ్ళం. తినడం అయ్యాక అమ్మమ్మ ఒక పని చేసేది. పది పన్నెండు సూదుల్లో దారాలు ఎక్కించి, గోడకు కట్టిన గుడ్డ దిండుకు వరసగా గుచ్చేది. ముందు ఎరుపు, తర్వాత పసుపు, ఆకుపచ్చ, నీలం, అన్నిటికన్నా చివర నలుపు. ఆ వరస ఏ రోజూ మారేది కాదు.

నా చేతులు ఊరుకుంటాయా. ఒకరోజు నీలం సూదిని, నలుపు సూదిని అటుదిటు మార్చాను. సాయంత్రానికి ఒక నీలం జాకెట్టుకు నల్ల దారంతో హుక్కులు కుట్టి ఉన్నాయి. అమ్మమ్మ వాటన్నిటినీ ఊడదీసి మళ్ళీ కుట్టింది. కుడుతూ నన్ను ఒక చూపు చూసింది. తిడుతుందేమో అనుకున్నాను, తిట్టలేదు. ఆ చూపు ఏమిటో అప్పుడు అర్థం కాలేదు.

మధ్యాహ్నం పూట దుకాణం ముందు అరుగు మీద పత్తాలాట నడిచేది. మా వైపు పేకముక్కల్ని పత్తాలంటారు. ఆడేవాళ్ళలో ఒకాయన బస్సు కండక్టరు, నేను మామ అని పిలిచేదాన్ని. ఇంకొకాయన బడిలో పంతులు, ఊరంతటికీ సార్. ఇద్దరూ సమ్మెలో ఉన్నారు. పొద్దున టెంటు కింద కూర్చుని నినాదాలిచ్చి, ఇంటికి పోయి అన్నం తిని, ఎండ వాలకముందే మా అరుగు మీదికి చేరేవాళ్ళు. ఆ ఇద్దరూ ఒక జోడీ. తాతకు జోడీగా ఉండే పాత దోస్తు మాచారెడ్డిలో కూతురింటికి పోయి, బస్సుల్లేక అక్కడే చిక్కుకున్నాడు. ఆ ఖాళీలో నన్ను కూర్చోబెట్టారు. ఆడపిల్లకు పత్తాలేందని అమ్మమ్మ లోపలి నుంచి గొణిగింది. లెక్కలొస్తాయి, కూర్చోనియ్యి అన్నాడు తాత.

ఆట తేలికే. ఎదురెదురుగా కూర్చున్నవాళ్ళు జోడీ. తలా పదమూడు పత్తాలు. నలుగురూ ఒక్కొక్కటి వేస్తే, పెద్దది వేసినవాళ్ళకు ఆ పట్టు. అట్లా పదమూడు పట్లు. ఒకరు ఏ రంగు ఆడితే మిగతావాళ్ళు అదే రంగు వేయాలి. ఆ రంగు లేనివాళ్ళు తురుపు, అంటే ఆ ఆటకు అన్నిటి మీదా గెలిచే రంగు, కొట్టి పట్టు గుంజుకోవచ్చు. రంగు చేతిలో ఉంచుకుని లేనట్టు దాచితే అది దొంగాట.

అసలు మజా ఆటలో కాదు, ఆటకు ముందుండే పాటలో ఉంది. వేలంపాట లాంటిదే. మా జోడీ ఏడు పట్లు తెస్తుందని ఒకరంటే, మేం ఎనిమిది తెస్తామని ఇంకొకరు. ఎక్కువ పాడినవాళ్ళే తురుపు రంగు చెప్పాలి. పాడినన్ని తెస్తే గెలుపు, ఒక్కటి తగ్గినా ఓటమి. ఓడినవాళ్ళు చాయ్ తెప్పించాలి. గీతలు తాత గుడ్డ మీద గుర్తులు పెట్టే చాక్‌తో అరుగు మీదనే గీసేవాళ్ళం.

పాట నాకు నేర్పింది తాతే. మొదటిసారే ఎనిమిది అంటే నా చేతిలో ఎక్కా, రాజూ కలిసి ఉన్నాయని. ఏడుతో మొదలుపెట్టి, తర్వాత ఎనిమిదికి ఎక్కితే రంగు పొడుగ్గా ఉంది గానీ పెద్దవి లేవని. పాస్ అంటే భారం నీ మీదే అని. ఇవన్నీ అడ్డదారి సైగలు కావు, అందరికీ వినబడే మాటలే. అవతలివాళ్ళూ వింటారు, వాళ్ళ లెక్క వాళ్ళు కట్టుకుంటారు.

ఒకసారి చేతిలో ఏమీ లేకపోయినా గొప్పకు తొమ్మిది పాడి మా జోడీనే ఓడించాను. తాత కోప్పడలేదు.

"నీ పత్తాలు నీ జోడికి కనబడయి గదా బిడ్డా," అన్నాడు. "నీ నోట్లకెళ్ళి వచ్చిన లెక్కతోనే నీ చెయ్యి చూస్తడు. పాటల అబద్ధమాడితే అవతలోనికేం గాదు. నీ జోడి మునుగుతడు."

వారం పది రోజులకు నాకు ఆట పట్టుబడింది. అప్పుడే ఒక వింత కనబడింది. ఒక ఆటలో తాత పాస్ అన్నాడు. తీరా చూస్తే ఆయన చేతిలోంచి ఇస్పేటు ఎక్క, రాజు, గులాం ఒకదాని వెనక ఒకటి బయటికొచ్చాయి. అంత చెయ్యి పెట్టుకుని పాస్ ఏమిటని అడిగితే, ధ్యానం లేదు అన్నాడు. ఆ తర్వాత రెండు మూడు రోజులు ఆయన పాటను కనిపెట్టి చూశాను. తాత ఎప్పుడు పాడినా ఎర్ర రంగుల మీదే పాడేవాడు. ఆఠీను మీద పాడాడు, డైమను మీద పాడాడు. ఇస్పేటు మీద గానీ కళావరు మీద గానీ ఒక్కసారీ నోరెత్తలేదు. డైమను కోణాలతో సన్నగా ఉంటుంది, ఆఠీను గుండ్రంగా ఉంటుంది, వాటిని ఎట్లాగో పోల్చుకునేవాడు. ఇస్పేటూ కళావరూ మాత్రం ఆయనకు కింద తోకలున్న నల్ల మచ్చలు, వెలుతురు బాగుంటే అంచనాతో నెట్టుకొచ్చేవాడు.

అప్పుడు గోడకున్న సూదులు గుర్తొచ్చాయి. నీలం జాకెట్టుకు నల్ల దారం గుర్తొచ్చింది.

అమ్మమ్మ పెరట్లో చాట ముందేసుకుని నువ్వులు చెరుగుతోంది. పోయి పక్కన కూర్చుని, తాతకు కనబడటం లేదా అని అడిగాను. చాట ఆపింది. పెద్దాసుపత్రికి పోయి వచ్చామని, కంటి నరం ఎండిపోయింది, ఆపరేషన్ చేసినా రాదన్నారని చెప్పింది. కత్తిరించేటప్పుడు తాను పక్కన నిలబడుతుందట. కుట్టు మాత్రం ఆయన వేళ్ళే చూసుకుంటాయట, నలభై ఏళ్ళ అలవాటు.

"ఈ దసరా దాటనియ్యి బిడ్డా," అంది. "ఈ గిరాకి తీర్చి, అందరికి ఆయనే జెప్పి దుకానం బంద్ జేస్తా అన్నడు. ఒకలు బంద్ జేపిచ్చినట్టు ఉండొద్దంట. ఆయనకు గదొక్కటే కోరిక. నీ నోట్ల నువ్వుగింజ నానదు, ఈ ఒక్కటి నానవెట్టు."

ఒట్టు అన్నాను. ఆమె చేతిలో చెయ్యి వేసి మరీ అన్నాను.

ఆ రోజు నుంచి నా పాట మారింది. అవతలివాళ్ళు ఎక్కువ పాడితే ఏదో ఒక నల్ల రంగును తురుపు చేసే భయం ఉంది. నల్ల రంగు తురుపైతే తాత తడబడతాడు. కాబట్టి పాట నాదే కావాలి, రంగు ఎర్రదే కావాలి. చేతిలో ఏడే ఉన్నా ఎనిమిది పాడేదాన్ని, ఎనిమిదుంటే తొమ్మిది పాడేదాన్ని. నల్ల రంగు నా చేతి నుంచి వీలైనంత తక్కువ ఆడేదాన్ని. తాతకు ఇది అర్థమైంది. పత్తాలు పంచేటప్పుడు నా ముందు కొంచెం మెల్లగా పెట్టేవాడు. ఓడినవి కొన్ని, గెలిచినవి చాలా. పొల్ల గట్టిగ పాడుతది, దీనికి గుండె ఉంది అనేవాడు మామ. సార్ కూడా కళ్ళద్దాల మీదుగా చూసి తలూపేవాడు.

ఆ కళ్ళద్దాల గురించి కూడా చెప్పేస్తాను. ఎండ ఒక మూల నుంచి పడినప్పుడు సార్ అద్దాల్లో ఆయన పత్తాలు కనబడేవి. అన్నీ కాదు, ఎరుపా నలుపా అన్నంత వరకు. మెడ సాచి ఎన్నోసార్లు చూశాను. ఆ అరుగు మీద దొంగాట ఆడిన మనిషి ఎవరైనా ఉంటే అది నేనే. కానీ నలుగురు మెచ్చుకుంటుంటే అదంతా నా తెలివే అనిపించేది. కొన్నాళ్ళకు తాతను కాపాడటానికి పాడుతున్నానన్న సంగతి వెనక్కి పోయింది, నేను బాగా పాడతానన్నదే మిగిలింది.

సద్దుల బతుకమ్మ ఇంకా మూడు రోజులుంది. ఆ మధ్యాహ్నం మబ్బు పట్టింది, కరెంటు లేదు. దుకాణం ముందు ఆరేడుగురు ఆడవాళ్ళు నిలబడ్డారు. కొందరు కుట్టినవి తీసుకుపోవడానికి, కొందరు కొత్తగా ఇవ్వడానికి. లోపల అమ్మమ్మ హుక్కులు కుడుతోంది. ఒక్క ఆట మిగిలింది, అయిపోగానే ఇస్తానన్నాడు తాత. పండగ రోజులు గనక వాళ్ళూ నవ్వుతూ చుట్టూ నిలబడి చూడసాగారు. గీతలు ఇటూ అటూ సమానంగా ఉన్నాయి.

మామ ఏడు పాడాడు. తాత పాస్. సార్ పాస్. చివరి పాట నాది.

చేతిలో ఆఠీను ఐదున్నాయి, ఎక్కా రాజూ కలిసి. ఎనిమిది అని ఆఠీను చెబితే చాలు. ఆట మాది. కానీ ఇస్పేటు ఆరున్నాయి, ఎక్క, రాజు, రాణి వరసగా. ఇస్పేటు తురుపైతే పది వచ్చేలా ఉంది. ఆ సమ్మె కాలంలో పది పాడి గెలిచినవాళ్ళు మా అరుగు మీద ఎవరూ లేరు. ఏం పొల్లా, ఇయ్యాల గొంతు లేస్తలేదా అని మామ ఆటపట్టించాడు. ఆడవాళ్ళు నా వైపు చూశారు.

పది అన్నాను. ఇస్పేటు అన్నాను.

తాత తలెత్తి నా వైపు చూశాడు. ఆయనకు నా ముఖం ఎంత కనబడిందో తెలియదు. తర్వాత చేతిలోని పత్తాలను ముఖానికి దగ్గరగా పెట్టుకుని ఒక్కొక్కటీ సర్దుకున్నాడు.

ఇస్పేటు ఎక్క ఆడాను, తాత ఇస్పేటు వేశాడు. రాజు ఆడాను, తాత కళావరు వేశాడు. ఆయన దగ్గర ఇస్పేట్లు అయిపోయాయని అందరం అనుకున్నాం. ఆట సాగింది. మాకు తొమ్మిది పట్లు వచ్చాయి. ఒక పట్టు సార్‌కు పోయింది. ఆయన కళావరు రాజు ఆడాడు. తాత వేళ్ళతో చాలాసేపు తడిమి ఒక పత్తా కింద పెట్టాడు. ఇస్పేటు నాలుగు. తురుపు. పదో పట్టు మాదైంది. నేను చప్పట్లు కూడా కొట్టాను. తాత మాత్రం పట్టు తీసుకోవడానికి చెయ్యి చాపలేదు. తాను వేసింది కళావరు చిన్నదనీ, పట్టు పోయిందనీ అనుకుని కూర్చున్నాడు.

మామ ఆ పత్తా మీద వేలు పెట్టాడు.

"కాకా, ఇస్పేటు రెండోపారి ఆడినప్పుడు కళావరు ఏసినవ్. గిప్పుడు ఇస్పేటు యాడికెళ్ళొచ్చింది?"

తాతకు ఒక్క క్షణం పట్టింది. తర్వాత నవ్వాడు.

"దొరికిపోయిన గదా," అన్నాడు. "అవ్, నేనే దాచిన. ఒక్కపారి పది గెలుద్దామని బుద్ధి పుట్టింది. పొల్లకేం తెల్వది. చాయ్ నేనే తెప్పిస్త."

ఆడవాళ్ళు పకపకా నవ్వారు. మామా నవ్వాడు. అక్కడితో అయిపోయేది. పత్తాల్లో దొంగాట ఆడిన టైలరుకు జాకెట్లు ఇవ్వడం ఎవరూ మానరు. తాతకు అది తెలుసు, అందుకే ఆ మచ్చను అంత హాయిగా మీదేసుకున్నాడు. కానీ సార్ నవ్వలేదు. పరీక్షలో చీటీ పట్టుకున్నట్టు నా వైపు తిరిగి, ఇన్ని రోజులు మీరు గెలిచింది ఇట్లాగేనా, నీకూ ఇదే నేర్పాడా అన్నాడు.

నేను పాడిన ఎనిమిదులు, తొమ్మిదులు, నా గుండె, నా తెలివి అన్నీ ఒక్క మాటతో దొంగసొమ్ము అయిపోయాయి. 

"తాత దొంగాట ఆడలే," అన్నాను. గట్టిగానే అన్నాను. "తాతకు ఇస్పేటేదో కళావరేదో కనబడది. కండ్లు పోయినయ్. ఇన్ని దినాలు నేనే గెలిపిస్తున్న."

తాత మీద దొంగ అనే మచ్చ పడొద్దని చెప్పానని ఏళ్ళ తరబడి నాకు నేను చెప్పుకున్నాను. కాదు. ఆ చివరి మాట కోసం మిగతాదంతా చెప్పాను.

 లోపల అమ్మమ్మ చేతిలో జాకెట్టు ఒళ్ళోకి జారింది. తాత పత్తాలన్నీ కూడదీసి, అంచులు సమానంగా తట్టి, అట్టపెట్టెలో పెట్టాడు. కాసేపటికి పట్టు గుడ్డ తెచ్చిన ఒకరింటి కోడలు మెల్లగా ముందుకొచ్చింది. పండగ దగ్గరపడింది గదా అవ్వా, మా అమ్మగారింట్లో కుట్టించుకుంటానులే అని అమ్మమ్మతో అని, గుడ్డ తీసుకుని పోయింది. ఆమె మంచి మనిషే, మనసు నొప్పించొద్దనే అలా అంది. ఆమె వెనక ఇంకొకరు. సాయంత్రానికి నలుగురు. మర్నాటికి జాకెట్లు తగిలించే గోడ కొక్కేలు సగం ఖాళీ. బస్టాండు దగ్గరి టైలరు దుకాణం ముందు జనం బారులు తీరారు. అంతకుముందే కుట్టించుకున్నవాళ్ళు కూడా తెచ్చి చేతులు వంకర పోయాయి, మెడ దిగింది అన్నారు. వారం కిందట తొడుక్కుని మురిసిన జాకెట్లే అవి.

సద్దుల రోజు అమ్మమ్మ నువ్వుల సద్ది కలిపి నాకూ ఒక ముద్ద పెట్టింది. ఒట్టు సంగతి ఎత్తలేదు. నాలుగు తిట్టి ఉంటే ఆ ముద్ద మింగగలిగేదాన్నేమో. దసరా రోజు తాత మిషనుకు నూనె వేసి, పసుపు కుంకుమ పెట్టి, దుకాణం తలుపు దగ్గరికి వేశాడు. ఎవరికీ ఏమీ చెప్పలేదు. చెప్పడానికి ఏం మిగిల్చాను గనక. మామా సారూ ఒకసారి వచ్చి అరుగు మీద కూర్చున్నారు.  తాత వాళ్ళకు చాయ్ ఇప్పించాడు, పత్తాలు మాత్రం తీయలేదు.

సమ్మె అయిపోయాక నన్ను బస్సెక్కించడానికి తాత వచ్చాడు. అంతకుముందు బజారులో అడుగులు లెక్కపెట్టుకుంటూ ఒక్కడే నడిచేవాడు. ఆ రోజు నా భుజం మీద చెయ్యి వేసుకుని నడిచాడు, ఇక దాచేదేముంది. నేను చెప్పాల్సిన మాటలు మనసులో పేర్చుకుంటూ ఉన్నాను. నోరు జారింది తాతా, కావాలని అనలేదు తాతా, ఇట్లాంటివి. బస్సు కనబడింది. మెట్టు మీద నిలబడిన కండక్టరు మామే. మమ్మల్ని చూసి తల తిప్పుకున్నాడు.

"ఒక్కటడుగుత బిడ్డా," అన్నాడు తాత. "నాకు కనబడదని నీకు ఎర్కనే గదా. ఇస్పేటు ఎందుకు పాడినవ్?"

నేను పేర్చుకున్న మాటలేవీ దానికి జవాబు కాదు. నలుగురిలో చెప్పేసిన సంగతి ఆయన అడగనే లేదు. మామ ఈల వేశాడు. నేను బస్సెక్కాను.

తాత ఆ తర్వాత చాలా ఏళ్ళున్నాడు. నేను ఎల్లారెడ్డి వెళ్ళినప్పుడల్లా చదువు గురించి అడిగేవాడు, అన్నం తిన్నావా అని అడిగేవాడు. ఆ ప్రశ్న మళ్ళీ వేయలేదు. నేనూ ఎత్తలేదు. ఆయన పోయి కూడా ఇప్పుడు కొన్నేళ్ళయింది.

జవాబు నాకు బస్టాండులోనే తెలుసు. ఆఠీను మీద ఎనిమిది పాడితే ఆట మనదే. చాయ్ వచ్చేది, ఆడవాళ్ళు జాకెట్లు తీసుకుని పోయేవాళ్ళు, దసరా దాటేది, నీ దుకాణం నువ్వే చెప్పి మూసేవాడివి. కానీ ఎనిమిది పాడితే అక్కడ నిలబడిన వాళ్ళెవరూ నా వైపు చూసేవాళ్ళు కాదు. అందుకని పది పాడాను తాతా.